తుఫాను దెబ్బతిన్న దారిలో, రోడ్డు పనుల మధ్య దూరప్రయాణం: ప్లాన్ వేసుకునే పద్ధతి

దూరప్రయాణం అనగానే ఎక్కువమంది చేసే పని ఒకటే. మ్యాప్‌లో బయల్దేరే చోటు, చేరాల్సిన చోటు కొట్టి, అది చూపించిన గంటలకు తిండికీ విశ్రాంతికీ ఇంకో గంట కలుపుకుంటారు. రోడ్డు మామూలుగా ఉన్న రోజుల్లో ఈ లెక్క సరిపోతుంది. దారిలో విస్తరణ పనులు నడుస్తూ, దానికి తోడు మొన్ననే తుఫాను కూడా వచ్చి వెళ్లి ఉంటే మాత్రం ఎన్ని గంటలు పడుతుందన్నది రెండో ప్రశ్న అవుతుంది. మొదటి ప్రశ్న ఇది: ఏ చోటు దాటాక ఇక దారి మార్చుకునే వీలు ఉండదు? దీనికి జవాబు కాగితం మీద రాసుకుని బయల్దేరినవాళ్లు ఆలస్యంగానైనా చేరతారు. రాసుకోనివాళ్లు తెగిన వంతెన ముందు వందల బండ్ల మధ్య ఆగిపోయి, సిగ్నల్ లేని ఫోన్‌లో వేరే దారి వెతుక్కుంటుంటారు.

## 1. బయల్దేరే రోజు తేల్చుకోండి

వాన తెరిపిచ్చి ఎండ కాయగానే "ఇక పర్లేదు, పోదాం" అనిపిస్తుంది. రోడ్ల విషయంలో ఆ మొదటి ఎండ రోజును నేను అస్సలు నమ్మను. ఎగువన కురిసిన వాన పెద్ద నదిలో దిగువకు చేరడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్న సమయంలోనే దారిలోని వంతెన దగ్గర వరద తారస్థాయికి రావచ్చు.

ఇంకో సంగతి దీనికన్నా మోసకారిది. ముంపులో నానుతున్న రోడ్డు గట్టుకు బయటి నీళ్లే కొంత ఆసరాగా నిలుస్తాయి. వరద చకచకా తీసేస్తే ఆ ఆసరా పోతుంది. గట్టు లోపల చేరిన నీరు మాత్రం అంత త్వరగా బయటికి రాదు. ఆ ఒత్తిడికి అంచులు జారిపోతాయి. నీళ్లలో మునిగినంతసేపూ నిలబడ్డ రోడ్డు, నీళ్లు తీశాక కుంగిపోవడానికి ఒక కారణం ఇదే. వంతెనల దగ్గర వరద పునాదుల చుట్టూ మట్టిని కోసుకుపోతుంది. ఆ కోత ఎంత లోతుందో నీళ్లు తగ్గాక, ఇంజనీర్లు దిగి చూస్తే తప్ప తెలియదు. అందుకే నిన్న తెరిచి ఉన్న వంతెనను ఇవాళ మూసేస్తుంటారు. అధికారులు ఆలస్యంగా మేల్కొన్నారని తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు తనిఖీ సరిగా జరిగినందుకే అది మూతపడుతుంది. కొండదారుల్లోనూ వాన ఆగాక చరియలు పడటం మామూలే.

హెచ్చరిక మ్యాపుల్లో తుఫాను ముందు శంకువులా గీసి చూపించే ప్రాంతాన్ని కూడా చాలామంది తప్పుగా చదువుతారు. తుఫాను కేంద్రం ఎటు వెళ్లొచ్చన్న అంచనా మాత్రమే అది. వాన, గాలి ఆ గీతల దగ్గర ఆగవు. కేంద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూడా కుండపోత కురవచ్చు. మన దారి శంకువుకు బయట ఉంది కదా అన్న ధీమా వద్దు.

కాబట్టి రోజు ఎంచుకోవడానికి నా పద్ధతి ఇది. తుఫాను రాకముందే వెళ్లగలిగితే, అది తాకే సమయానికి కనీసం ఒక పూట ముందు గమ్యంలో ఉండాలి. తాకుతున్న సమయంలో రోడ్డు మీద ఉండకూడదు, దీనికి మినహాయింపు లేదు. దాటాక అయితే, మీ దారిలోని వంతెనల, కొండ భాగాల తనిఖీ అయిందని రోడ్ల శాఖ చెప్పేదాకా ఆగాలి. వాయిదా వేసుకోగలిగిన పనైతే రెండు రోజులు ఆగండి. ఈ గైడ్‌లో తర్వాత చెప్పబోయే జాగ్రత్తలన్నీ కలిపినా ఆ రెండు రోజులకు సాటిరావు. వెళ్లక తప్పదంటే, దెబ్బతిన్న భాగం మొత్తం పగటి వెలుగులోనే దాటేలా చూసుకోండి. కోసుకుపోయిన రోడ్డు అంచు, వేలాడే తీగ, రోడ్డు మీద పేరుకున్న బురద హెడ్‌లైట్ వెలుగులో దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

## 2. దారిని ముక్కలుగా కోయండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఒక కాగితం తీసుకుని దారిని పై నుంచి కిందికి ఒక గీతగా గీయండి. దాని మీద పక్కకు మళ్లగలిగే పెద్ద కూడళ్లన్నీ గుర్తు పెట్టండి. చిన్న అడ్డరోడ్లు వద్దు. మీ బండి నిజంగా వెళ్లగలిగే, ఇంకో ప్రధాన రోడ్డుకు కలిపే కూడళ్లు మాత్రమే రాయండి. ఒక కూడలికీ ఇంకో కూడలికీ మధ్య దూరం వేయండి. కొన్ని ముక్కలు పది కిలోమీటర్లే ఉంటాయి, కొన్ని అరవై డెబ్బై ఉంటాయి. ఆ పొడుగాటివే మిమ్మల్ని బంధించేవి.

దూరం ఒక్కటే చూస్తే చాలదు. ఘాట్ రోడ్డు, పొడవైన వంతెన, సొరంగం, నదిని ఆనుకుని సాగే లోయ దారి, రెండు నదుల మధ్య పల్లపు మైదానం లాంటివి తక్కువ దూరమైనా చిక్కే. మధ్యలో డివైడర్ ఉండి ఎక్కడా యూటర్న్ లేని ఎక్స్‌ప్రెస్‌వేలు కూడా ఈ కోవలోకే వస్తాయి. అక్కడ ముందు ప్రమాదమో, మూతో ఎదురైతే వెనక్కి తిరగడానికి కూడా లేదు.

ఇలాంటి ప్రతి ముక్కకూ ముందున్న ఆఖరి కూడలిని ఎర్రగా చుట్టండి. దాని పక్కన నాలుగు విషయాలు రాయాలి: అక్కడికి సుమారుగా ఏ వేళకు చేరతారు, అక్కడ ఇంధనం, తిండి, రాత్రి ఉండే చోటు ఉన్నాయా, అక్కడి నుంచి వేరే దారి ఏది, ఏం తెలిస్తే ముందుకు పోతారు. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. "వంతెన తెరిచే ఉందని గంట లోపు తాజా సమాచారం దొరికితేనే ముందుకు, దొరక్కపోతే పక్కదారి" అని ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని రాసుకున్న మాట, అలసిపోయి, పిల్లలు ఏడుస్తూ, వెనక హారన్ మోగుతున్నప్పుడు తీసుకునే నిర్ణయం కన్నా ఎప్పుడూ మెరుగ్గా ఉంటుంది.

ఆరు వందల కిలోమీటర్ల దారిలో ఇలాంటి చిక్కు ముక్కలు మామూలుగా మూడో నాలుగో తేలతాయి. మిగతాదంతా కాస్త ఆలస్యమైనా ఎలాగోలా సర్దుకునే రోడ్డే. మీ శ్రద్ధ అంతా ఆ మూడు నాలుగు చోట్లే పెట్టండి.

## 3. రెండో దారి అదే తుఫానుకు బలయ్యేది కాకూడదు

పక్కదారి అనగానే మ్యాప్‌లో మొదటి గీతకు సమాంతరంగా కనిపించే ఇంకో గీతను ఎంచుకుంటాం. అది చాలాసార్లు అదే నదికి అవతలి ఒడ్డున వెళ్తుంది. వరద వస్తే రెండూ పోతాయి.

2021 నవంబర్‌లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇదే జరిగింది. కుండపోత వానలకు హోప్, మెరిట్ పట్టణాల మధ్య కోకిహల్లా హైవే పలుచోట్ల తెగి, వంతెనలు కూలాయి. తీరం నుంచి లోపలి ప్రాంతాలకు వెళ్లే మిగతా ప్రధాన రహదారులు కూడా అదే వానకు, అదే రోజుల్లో మూతపడ్డాయి. తీరాన ఉన్న వాంకూవర్ నగరం కొన్నాళ్లు మిగతా దేశంతో రోడ్డు సంబంధం దాదాపుగా తెగిన స్థితిలో ఉండిపోయింది. కాగితం మీద దారులు మూడు నాలుగు ఉన్నా, అన్నీ ఒకే కొండల మధ్య ఒకే రకం లోయల్లో సాగేవి కావడంతో ఏదీ అక్కరకు రాలేదు. కోకిహల్లాను రాత్రింబవళ్లు బాగుచేసి డిసెంబర్ 20న సరుకు వాహనాలకు తెరిచారు. సొంత కార్లను 2022 జనవరిలో గానీ అనుమతించలేదు.

అందుకే రెండో దారికి నా మొదటి పరీక్ష ఇది: అది వేరే నదీ పరీవాహకంలో ఉందా? మొదటిది పల్లపు మైదానంలో పోతుంటే, రెండోది మెట్ట మీదుగా పోతుందా? అవునైతే వంద కిలోమీటర్లు ఎక్కువైనా దాన్నే రాసుకుంటాను. రెండో పరీక్ష, మీ బండికి అది సరిపోతుందా అన్నది. ఎత్తు, బరువు పరిమితులున్న పాత వంతెనలు, రైల్వే అండర్‌పాస్‌లు పక్కదారుల్లోనే ఎక్కువ. అండర్‌పాస్ అంటే వానకు నిండే మొదటి చోటు కూడా. మూడోది జనం తర్కం. హైవే మూసేస్తే మీకు తట్టిన దారే మిగతా అందరికీ తడుతుంది, వాళ్ల ఫోన్లు కూడా అదే చెబుతాయి. రెండు లేన్ల రోడ్డు మీదికి హైవే లారీలన్నీ దిగితే, అది మ్యాప్ చూపించే సమయానికి రెండింతలు, మూడింతలు తీసుకుంటుంది.

ఈ కారణాల వల్ల చుట్టుదారిని మూత దగ్గర హైవే దిగే చోటు నుంచి కాకుండా, వీలైనంత వెనక నుంచి పట్టుకోవడం మంచిది. మూతకు పది కిలోమీటర్ల ముందు దిగితే గుంపులో పడతారు. వంద కిలోమీటర్ల ముందే వేరే హైవే ఎక్కితే దూరం పెరిగినా బండి కదులుతుంది.

## 4. రోడ్డు సంగతి ఎవరినడగాలి, ఏ మాటను ఎలా చదవాలి

మ్యాప్ యాప్ ట్రాఫిక్ రంగులు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే, వాటిని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఆ రోడ్డు మీద కదులుతున్న ఫోన్లే దానికి ఆధారం. రోడ్డు తెగి, దాని మీద ఒక్క బండీ లేకపోతే రద్దీ కూడా ఉండదు. మూత గురించి యాప్‌కు విడిగా తెలిసేదాకా ఆ రోడ్డు ఖాళీగా, హాయిగా కనిపించవచ్చు. తుఫానుకు టవర్లు పడిపోయిన ప్రాంతంలో అసలు ఫోన్ల సమాచారమే రాదు. అందుకని చుట్టూ ఎర్రగా ఉండి ఒక్క రోడ్డు మాత్రం తెల్లగా, రంగు లేకుండా కనిపిస్తే సంతోషించకండి, అనుమానించండి.

మూత ఖాయమా కాదా అన్నదానికి రోడ్ల శాఖ, హైవే అథారిటీ, ట్రాఫిక్ పోలీసుల ప్రకటనలే ఆధారం. వాటిలో మీరు చూడాల్సిన మొదటి విషయం ప్రకటన వెలువడిన వేళ. నాలుగు గంటల కిందటి "తెరిచి ఉంది" అన్న మాటకు తుఫాను రోజుల్లో విలువ లేదు. వాట్సాప్‌లో వచ్చే వరద వీడియోల సంగతి చెప్పనక్కర్లేదు. పాతవి కొత్త తేదీతో తిరుగుతూనే ఉంటాయి. ఎదురు దిశ నుంచి వచ్చిన లారీ డ్రైవరును ఆగిన చోట పలకరిస్తే, గంట కిందట ఆ రోడ్డు ఎలా ఉందో కళ్లారా చూసిన మాట దొరుకుతుంది. చిక్కు ముక్కకు అటూ ఇటూ ఉన్న పెట్రోల్ బంకుకో, హోటల్‌కో ముందే నంబర్ సంపాదించి పెట్టుకుని ఫోన్ చేయడం కూడా నాకు బాగా నచ్చిన పద్ధతి. "అవతల నుంచి బండ్లు వస్తున్నాయా?" అని అడిగితే చాలు.

"తెరిచారు" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను వరదలకు అమెరికాలో నార్త్ కరోలినా, టెన్నెస్సీల మధ్య పీజన్ నది లోయలో ఇంటర్‌స్టేట్ 40 రహదారి తూర్పు దిశ లేన్లు చాలాచోట్ల నదిలో కలిసిపోయాయి. 2025 మార్చి 1న దాన్ని మళ్లీ తెరిచారు. తెరిచింది మాత్రం ఒక్కో దిశకు ఒక్కో లేన్, గంటకు 35 మైళ్ల వేగ పరిమితితో, అంటే సుమారు 56 కిలోమీటర్లు. వార్తలో అది "హైవే తెరుచుకుంది" అనే వస్తుంది. ప్రయాణ లెక్కలో మాత్రం అది వేరే రోడ్డు. ఒక లేనా, రెండా? ఒకటే అయితే రెండు దిశలకూ వంతులవారీగా వదులుతున్నారా? పగలు మాత్రమేనా? ఏ బరువు దాకా? ఈ నాలుగూ తెలియకుండా "తెరిచారు" అన్నదాన్ని పచ్చజెండాగా తీసుకోవద్దు. "స్థానికులకు మాత్రమే అనుమతి" అని ఉంటే అది మీకు మూసేసినట్టే. సహాయక బండ్లకు అడ్డం పడటానికి తప్ప అక్కడికి వెళ్లి చేసేదేమీ ఉండదు.

రోడ్డు పనుల షెడ్యూల్‌ను తుఫాను వార్తలతో కలిపి చదవాలి. తారు పనికి పొడి వాతావరణం కావాలి. వానలో పని ఆగుతుంది, బారికేడ్లు, ఇరుకు లేన్లు మాత్రం అలాగే ఉంటాయి. వాన తగ్గగానే వెనకబడ్డ పని పూర్తి చేయడానికి అదనపు లేన్లు మూయడమూ ఉంటుంది. "ఈ వారంలో పూర్తి" అన్న పాత బోర్డును పట్టుకుని వేళ లెక్కేయకండి.

## 5. వేళ లెక్క

పని జరిగే చోట ఆలస్యం ఎలా పెరుగుతుందో ఒకసారి అంకెలతో చూస్తే, బయల్దేరే వేళ మీద మీ అభిప్రాయం మారుతుంది. ఒక్క లేన్ మిగిలిన చోట గంటకు 1,500 బండ్లు దాటగలవనుకుందాం. వచ్చే బండ్లు గంటకు 1,800. గంటకు 300 బండ్లు వెనక చేరతాయి, మూడు గంటలయ్యేసరికి 900. అప్పుడు చివర చేరిన బండి దాటడానికి 36 నిమిషాలు పడుతుంది. బండికి ఏడు మీటర్లు వేసుకుంటే, ఒకే వరుసలో ఆ క్యూ ఆరు కిలోమీటర్లు దాటుతుంది. ఇప్పుడు వచ్చే బండ్లను 1,800 నుంచి 2,100కు పెంచండి. మూడు గంటల్లో క్యూ 1,800 బండ్లు, ఆలస్యం 72 నిమిషాలు. రద్దీ ఆరో వంతు పెరిగితే నిరీక్షణ రెట్టింపయింది.

ఇంకా ఉంది. మొదటి లెక్కలో రద్దీ వేళ ముగిసి, వచ్చే బండ్లు గంటకు 1,200కు తగ్గాయనుకోండి. పేరుకున్న 900 బండ్లు గంటకు 300 చొప్పున కరగడానికి ఇంకో మూడు గంటలు కావాలి. అంటే "రద్దీ తగ్గాక పోదాం" అనుకుని రద్దీ వేళ ముగియగానే అక్కడికి చేరేవాళ్లు పొడుగాటి క్యూలోకే వెళ్తారు. క్యూ పుట్టకముందే ఆ చోటు దాటేయాలి. దానికి వెనక్కి లెక్కేసి బయల్దేరే వేళ పెట్టుకోండి. పని జరిగే చోటు ఇంటి నుంచి మూడు గంటల దూరంలో ఉంటే, ఇంటి దగ్గర రద్దీ ఎలా ఉందన్నది కాదు, మూడు గంటల తర్వాత అక్కడ ఎలా ఉంటుందన్నదే చూడాలి.

తెల్లవారుజామున ముందుగా బయల్దేరడం మంచిదే కానీ, నిద్ర మానుకుని కాదు. అర్ధరాత్రి దాటాక రెండు నుంచి ఆరు మధ్య శరీరం నిద్రకు లాగే వేళ. పైగా చాలా చోట్ల లేన్లు మూసి పని చేసేది కూడా రాత్రుల్లోనే. ముందు రాత్రి త్వరగా పడుకోవడం కుదరకపోతే ఒక గంట క్యూను భరించడమే మేలు.

మొత్తం సమయానికి ఎంత కలపాలి? నేను శాతం పద్ధతి వాడను. ఒక్కో చిక్కు ముక్కకు విడిగా కలుపుతాను. వంతులవారీగా వదిలే చోటుకు కనీసం అరగంట, లేన్ తగ్గిన చోటుకు పై లెక్క ప్రకారం, చుట్టుదారి పట్టాల్సి వస్తే దాని పూర్తి అదనపు సమయం. అన్నీ కూడితే ఒకరోజు డ్రైవింగ్ పది గంటలు దాటుతోందంటే అది రెండు రోజుల ప్రయాణం, ఒప్పుకోవాల్సిందే. క్యూలో బ్రేకు, యాక్సిలరేటర్ మార్చి మార్చి తొక్కుతూ కూర్చున్న గంట విశ్రాంతి కాదు, అది కూడా డ్రైవింగే. రెండు గంటలకోసారి పావుగంట దిగి నడవాలన్న నియమాన్ని క్యూ మింగేయకుండా చూసుకోండి.

## 6. బండి, సామాను

దీని మీద ఎక్కువ చెప్పను, బండి సర్వీసింగ్ గురించి అందరికీ తెలిసిందే. టైర్ల సంగతి మాత్రం చెప్పకుండా వదిలేయలేను. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు. తడి రోడ్డు మీద అంతకు చాలా ముందే పట్టు తగ్గిపోతుంది, మూడు మిల్లీమీటర్లకు దిగువన ఉంటే ఇలాంటి ప్రయాణానికి మార్చేయండి. స్టెప్నీలో గాలి చూసుకోండి. తుఫాను దారుల్లో మేకులు, రేకు ముక్కలు, విరిగిన కొమ్మలు మామూలే.

ఇంధనం సగానికి దిగకముందే నింపుకోవాలి. కరెంటు పోతే బంకుల్లో పంపులు పనిచేయవు, కార్డు మెషిన్లు పనిచేయవు. అందుకే చేతిలో నగదు కూడా ఉండాలి. ఎలక్ట్రిక్ కారైతే ఇంకా ముందుచూపు కావాలి: ఒక చార్జింగ్ స్టేషన్ పనిచేయకపోతే తర్వాతి దానికి చేరేంత చార్జి ఎప్పుడూ మిగలాలి, ఆ రెండూ ఒకే తుఫాను ప్రాంతంలో ఉండకూడదు. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి కానీ, అది రోడ్లను చూపిస్తుంది, రద్దీనీ మూతనూ చూపించదని గుర్తుంచుకోండి. అందుకే రెండో విభాగంలో గీసిన కాగితం డ్యాష్‌బోర్డులో ఉండాలి. మనిషికి ఒక రోజుకు సరిపడా నీళ్లు, వండనక్కర్లేని తిండి, వాడే మందులు రెండు రోజులకు ఎక్కువగా, టార్చి, పవర్ బ్యాంక్, దుప్పటి. ఇంతే.

## 7. రోడ్డు మీద

ఎర్రగా చుట్టిన ప్రతి కూడలి దగ్గర బండి ఆపండి. అలసట లేకపోయినా ఆపండి. అప్పుడే సమాచారం మళ్లీ చూసి, కాగితం మీద రాసుకున్న షరతు తీరిందో లేదో తేల్చుకోవాలి. "ఇంత దూరం వచ్చేశాం కదా" అన్నది షరతుల్లో లేదు.

పని జరిగే చోట్ల అతి ప్రమాదకరమైనది ఇరుకు లేన్ కాదు, క్యూ తోక. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండ్లు ఆగి ఉన్న బండ్లను హఠాత్తుగా చూసేది అక్కడే. మీరు క్యూ చివర చేరుతుంటే దూరం నుంచే మెల్లగా తగ్గిస్తూ హజార్డ్ లైట్లు వేయండి. ముందు బండికి కాస్త ఎడం ఉంచి ఆగి, వెనక ఇంకో రెండు మూడు బండ్లు వచ్చి ఆగేదాకా అద్దంలో చూస్తూ ఉండండి. లేన్ మూసిన చోట రద్దీ నెమ్మదిగా కదులుతుంటే, రెండు లేన్లనూ చివరిదాకా వాడుకుని అక్కడ ఒకటి విడిచి ఒకటి కలవడమే సరైన పద్ధతి. దానివల్ల క్యూ పొడవు తగ్గుతుంది. కొందరికి అది దొంగతనంగా ముందుకు దూరడంలా కనిపిస్తుంది, కానీ పక్కవాడిని రానివ్వకుండా బంపర్ ఆనించి నడిపేవాళ్ల వల్లే అందరికీ ఆలస్యం.

విస్తరణ పనుల్లో పాత తారుకూ పక్క మట్టికీ మధ్య గట్టి మెట్టు ఉంటుంది. ఒక చక్రం అందులోకి దిగితే స్టీరింగ్‌ను ఒక్కసారిగా లాగకండి. చక్రం ఎక్కగానే బండి ఎదుటి లేన్‌లోకి దూసుకుపోతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం బాగా తగ్గాక మెల్లగా పైకి తీసుకురావాలి.

నీళ్ల సంగతి. సుమారు 15 సెంటీమీటర్ల వేగంగా పారే నీరు మనిషిని పడగొట్టగలదు. 30 సెంటీమీటర్లు చాలా కార్లను తేల్చి లాక్కుపోగలదు. 60 సెంటీమీటర్లకు పెద్ద బండ్లు కూడా ఆగవు. ఇవి కూడా కింద రోడ్డు ఉందన్న లెక్కతో చెప్పే మాటలు. తుఫాను తర్వాత బురద నీటి కింద రోడ్డుందో, కల్వర్టు కొట్టుకుపోయి గుంత ఉందో పైనుంచి తెలియదు. రోడ్డు మీది గీతలు కనిపించకపోతే దిగొద్దు. ముందు లారీ దాటింది కదా అని దాని వెనక పోవద్దు, దాని ఎత్తు వేరు, బరువు వేరు, అది లేపిన అల మీ ఇంజిన్‌లోకి వస్తుంది. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. లోపలికి నీరు పోయి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతో ఇంజిన్ పోతుంది. బండి తేలడం మొదలైతే సీటు బెల్టులు తీసి, కిటికీలు దించి వెంటనే బయటపడాలి. తలుపు కోసం, సామాను కోసం చూడొద్దు.

తెగిపడిన కరెంటు తీగల్లో ప్రవాహం ఉందనే అనుకోవాలి. కనీసం పది మీటర్లు దూరంగా ఉండండి. తీగ బండి మీదే పడితే లోపలే కూర్చుని ఫోన్ చేయండి, దగ్గరికి రావద్దని బయటివాళ్లను హెచ్చరించండి. మంటలు అంటుకుంటే మాత్రం దిగక తప్పదు. అప్పుడు బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు పాదాలు కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా చిన్నచిన్నగా జరుపుకుంటూ దూరం పోవాలి. సిగ్నల్ లైట్లు ఆరిన కూడలిలో అన్ని వైపులా ఆగి వంతులవారీగా దాటడమే క్షేమం.

## 8. ఇరుక్కుపోతే

ఇంత చేసినా ఒక్కోసారి చిక్కు ముక్కలోనే రోడ్డు మూసుకుపోతుంది. ముందు ఎంతసేపు అన్నది తెలుసుకోండి. గంట లోపు కదులుతుందంటే ఓపిక పట్టండి. ఏమీ తెలియకపోతే రాత్రంతా అన్నట్టే సిద్ధపడండి. ఇంజిన్ ఆపేయండి. చిన్న పెట్రోల్ కారు ఊరికే నడుస్తూ ఏసీతో గంటకు సుమారు లీటరు దాకా తాగుతుంది. చలికో, ఉక్కకో వేయాల్సి వస్తే గంటకు పది నిమిషాలు చొప్పున వేసుకోండి. ఆ పది నిమిషాలూ పొగగొట్టం బురదలోనో, మంచులోనో కూరుకుపోలేదని దిగి చూడండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. అత్యవసర బండ్లకు దారి వదిలి ఆగండి. రోడ్డు అంచు మీదుగా ముందుకు పోయేవాళ్ల వెనక వెళ్లకండి. నానిన అంచు బరువు మోయదు, అంబులెన్స్ రావాల్సిందీ అటుగానే.

ఎక్కడున్నారో, ఏ కిలోమీటరు రాయి దగ్గరో ఇంట్లోవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశం ఎక్కువ. అసలు బయల్దేరే ముందే ఆ కాగితానికి ఒక ఫోటో తీసి వాళ్లకు పంపి ఉంటే, ఫలానా కూడలి నుంచి మెసేజ్ రాలేదంటే ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలుస్తుంది.

## 9. తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు దారి బాగానే ఉందన్న నమ్మకంతో వచ్చేటప్పుడు ఏమీ చూసుకోకుండా ఎక్కేస్తుంటారు. నాలుగు రోజుల్లో చాలా మారుతుంది. తెగిన చోట పైపులు వేసి మట్టితో కట్టిన తాత్కాలిక డైవర్షన్, అసలు వంతెన తట్టుకునేంత నీటిని తట్టుకోలేదు. ఇంకో మామూలు వాన చాలు, అది మళ్లీ కొట్టుకుపోవడానికి. పైగా ఆఖరి కూడళ్లు కూడా మారతాయి. వెళ్లేటప్పుడు చిక్కు ముక్కకు ముందున్న కూడలి, వచ్చేటప్పుడు దాని తర్వాత వస్తుంది. అందుకని అదే కాగితాన్ని తిరగేసి, కింది నుంచి పైకి మళ్లీ గీసి, ఎర్ర చుట్లు కొత్తగా పెట్టండి. వెళ్లేటప్పుడు మీరు కళ్లారా చూసిన విషయాలను కూడా దాని మీద రాయండి: ఏ బంకులో కరెంటు లేదు, ఏ కల్వర్టు పక్కన కోత పడింది, వంతులవారీగా వదిలే చోట ఎంతసేపు ఆపారు. అందులో ఎవరికైనా ప్రమాదం తెచ్చేది, బారికేడ్ లేని కోతలాంటిది కనిపించి ఉంటే, క్షేమంగా ఆగగానే హైవే హెల్ప్‌లైన్‌కు కిలోమీటరు రాయి అంకెతో సహా చెప్పండి.